అలారం మోగిన రాత్రి ఎంత వెలుతురు కావాలి?

దేశ రాజధానిలో భయానికి ఎన్నడూ గిరాకీ తగ్గదు. ఎన్నికల సభల్లో అది ఒక రూపంలో అమ్ముడవుతుంది, భాగీరథ్ ప్యాలెస్ దుకాణాల్లో మరో రూపంలో. చాందినీ చౌక్‌లో ఒకప్పటి బేగం సమ్రూ హవేలీ చుట్టూ అల్లుకున్న ఆ విద్యుత్ సామగ్రి బజారులో తలుపుకు తగిలించే సెన్సర్లు, కదలికను పసిగట్టే పరికరాలు, సైరన్లు, కెమెరాలు కుప్పలుగా దొరుకుతాయి. నోయిడాలో, ద్వారకలో, ఇందిరాపురంలో, గుడ్‌గావ్‌లో వీటిని గోడలకు బిగించుకున్న గృహస్థు వేలకు వేలు వెచ్చించి ఉంటాడు. అయితే అలారం నిజంగానే మోగిన నాడు, రాత్రి రెండున్నర గంటలకు మంచం దిగుతూ చేతిలోకి ఏమి తీసుకోవాలన్న ప్రశ్న మాత్రం వేసుకుని ఉండడు. చేతికి అందేది సెల్‌ఫోను. అందులో టార్చి ఉంది కదా, ఇంకేం కావాలి?

నిజానికి ఆ క్షణంలో ఫోను చేయవలసిన పని వేరు. 112కు కబురు చేయాలి, కింద గేటు దగ్గరి కాపలాదారును లేపాలి. దాన్నే దీపంగా పట్టుకున్నవాడు మాట్లాడలేడు. మాట్లాడితే వెలుతురు చెవి పక్కకు పోతుంది. పైగా ఫోను తెర వెలగగానే మొట్టమొదట వెలుగు పడేది దాన్ని పట్టుకున్నవాడి ముఖం మీదనే. చీకటికి మనిషి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది; ఆ అలవాటును చెడగొట్టడానికి ఒక్క తెల్లని తెర చాలు. నిద్రలోంచి లేచినవాడి కళ్లకు చీకటిలో చూసే శక్తి అప్పటికే సిద్ధంగా ఉంటుంది. దాన్ని తన చేతులతో తానే పోగొట్టుకుని, ఆపైన వసారాలోకి అడుగు పెడతాడు.

వసారాలో ఎవరున్నారన్నది అసలు సంగతి. చవకరకం మోషన్ సెన్సర్ కనిపెట్టేది దొంగను కాదు, వేడిలో వచ్చే మార్పును. బాల్కనీలో వాలిన పావురం, సెన్సర్ మీద పాకిన బల్లి, ఏసీ గాలికి ఊగిన కర్టెను, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్న క్షణం, అరిగిపోయిన సెల్లు - వీటన్నింటికీ అది మోగుతుంది. ఢిల్లీ పావురాలు ఎన్నిళ్లలో నిద్ర చెడగొట్టాయో లెక్క తీసినవారు లేరు. ఒకవేళ నిజంగా మనిషే ఉంటే, ఆ మనిషి ఇంటివాడే అయ్యే అవకాశాన్ని మొదట కొట్టిపారేయడానికి వీల్లేదు: ఆలస్యంగా తిరిగివచ్చి చెప్పులు విడుస్తున్న కొడుకు, మంచినీళ్లకు లేచిన ముసలితల్లి, వంటింటి పక్కన పడుకునే పనిమనిషి, అంతస్తు పొరపడి తలుపు తోసిన కిరాయిదారు. అందువల్ల అలారం మోగిన రాత్రి చేతిలోని దీపానికి ఉన్న మొదటి పని ఎదుటివాణ్ని అదరగొట్టడం కాదు, ఆ మనిషి ఎవరో తెలియజెప్పడం. టార్చి ఎంపిక మొత్తం ఈ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. బజారులోని ప్రకటనలు దీనికి సరిగ్గా తలకిందులుగా మాట్లాడతాయి. 'సైనిక స్థాయి', 'ఆత్మరక్షణ', 'శత్రువును కళ్లు తెరవనివ్వని కాంతి' - ఇదీ వాటి భాష. టార్చి కొనబోయినవాడికి ముందు ఒక శత్రువును ఉచితంగా అంటగట్టి ఆపైన సరుకు అమ్ముతారు. ఈ పద్ధతి రాజధాని వార్తలు చదివేవారికి కొత్తదేమీ కాదు.

తెలుగునేలలో బ్యాటరీ లైటుకు మరో చరిత్ర ఉంది. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట ఇచ్చిన దశాబ్దాల్లో మోటారు వేయడానికి రైతు అర్ధరాత్రి పొలం గట్టు మీద నడిచాడు. చేతిలో రెండు సెల్లుల లైటు. ఆ వెలుతురు ఎప్పుడూ నేల మీదనే పడేది, ఎందుకంటే భయం పాముదీ, తెగిపడిన తీగదీ. 2004లో ఉచిత విద్యుత్తు ఫైలు మీద వై.ఎస్. రాజశేఖర రెడ్డి తొలి సంతకం చేసినప్పుడూ, 2018 జనవరి 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఇరవై నాలుగు గంటల సరఫరా ప్రకటించినప్పుడూ, చర్చ అంతా యూనిట్ల మీదా సబ్సిడీ మీదా నడిచింది. కరెంటు ఏ వేళకు వస్తుందన్నది రైతు ప్రాణానికి సంబంధించిన విషయమని గుర్తు చేసింది ఆ చిన్న లైటే. గట్టు మీద ఎదురుపడ్డ మనిషి ముఖం మీద లైటు వేయడం పల్లెలో అమర్యాద. కాళ్ల ముందు వేసి, 'ఎవరది?' అని అడిగేవారు. ఎదుటివాడు పేరు చెప్పేవాడు. పేరుతోపాటు తండ్రి పేరూ చెప్పేవాడు.

ఆ పల్లె నుంచి చదువు మీదుగా, ఉద్యోగం మీదుగా మయూర్ విహార్‌కో ఆర్.కె. పురానికో చేరిన కుటుంబంలో అదే వస్తువు వాడుక మారిపోయింది. ఇక్కడ వెలుతురు నేల మీద కాదు, ముఖం మీద పడుతుంది. అడిగేది పేరు కాదు, గుర్తింపు కార్డు.

ముఖం చూడకముందే భయం చేయి చేసుకుంటే ఏమవుతుందో ఈ నగరానికి తెలుసు. 2001 మే నెలలో గాజియాబాద్‌లో మొదలై తూర్పు ఢిల్లీని ఊపేసిన 'కాలా బందర్' భయం ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎండలు మండిపోతున్నాయి, కరెంటు గంటల తరబడి పోతోంది, జనం మేడల మీద పడుకుంటున్నారు. నాలుగడుగుల పొడవు, ఒంటినిండా నల్లటి బొచ్చు, ఎర్రటి కళ్లు, ఇనుప గోళ్లు. చూసినవారి సంఖ్యతోపాటు వర్ణన కూడా పెరుగుతూ పోయింది. కొందరికి హెల్మెట్ కూడా కనిపించింది. పోలీసులకు వందలాది ఫోన్లు వచ్చాయి. ఊహాచిత్రాలు గీయించారు, యాభై వేల రూపాయల బహుమానం ప్రకటించారు. చీకటిలో ఎవరో 'వచ్చింది' అని అరిస్తే మేడ మీది నుంచి దూకినవారూ, మెట్ల మీద పడినవారూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పొట్టిగా ఉన్న ఒక సంచార సాధువును జనం చితకబాదినట్లు ఆనాటి పత్రికలు రాశాయి. చివరికి మానసిక వైద్యులూ ఫోరెన్సిక్ నిపుణులూ కలిసి పరిశీలించి తేల్చినది, అలాంటి జంతువు గానీ మనిషి గానీ లేదని, అది సామూహిక భయోద్వేగమని. ఆ నెలలో నిజంగా ప్రాణాలు తీసింది ఏమిటంటే, చీకటీ దానిలో పుట్టిన అరుపూ. కరెంటు సరిగా ఉన్న దక్షిణ ఢిల్లీ ధనిక కాలనీల్లో కోతిమనిషి పెద్దగా తిరగకపోవడం మీద అప్పట్లోనే జోకులు పుట్టాయి. ఆ జోకులో అబద్ధం తక్కువ.

ఇంతకంటె పాతదీ, న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుకునేదీ మరో కథ ఉంది. 1958 మే నెలలో ఒడిశాలోని రసగోవిందపూర్ దగ్గర పాడుబడిన విమానాశ్రయం. అక్కడ దయ్యాలు తిరుగుతాయని ఊరి నమ్మకం. పాత ఇనుము కొనడానికి కలకత్తా నుంచి వచ్చిన వ్యాపారి, అతని వెంట నేపాలీ నౌకరు. అర్ధరాత్రి దాటాక ఒకరిని ఇంటి దగ్గర దిగబెట్టి తిరిగి వస్తుండగా దూరాన మినుకుమినుకుమంటూ ఒక వెలుగు, దాని చుట్టూ ఆడుతున్నట్లు నీడలు కనిపించాయి. నౌకరు కుక్రీ దూసి నీడల మీద పడ్డాడు. తీరా చూస్తే అక్కడ ఉన్నది హరికేన్ లాంతరు పెట్టుకుని చెట్టు కింద ఇప్పపూలు ఏరుకుంటున్న ఆదివాసీ స్త్రీలు. ఒకరు చనిపోయారు, ఇంకొందరు గాయపడ్డారు. దయ్యమని మనస్ఫూర్తిగా నమ్మి చేసిన పని కనుక అది నేరం కాదని కింది కోర్టు వదిలేసింది. 1959లో ఒరిస్సా హైకోర్టు కూడా భారతీయ శిక్షాస్మృతి 79వ సెక్షన్ కింద ఆ నిర్ణయాన్నే నిలబెట్టింది. ఇంకొంత జాగ్రత్త తీసుకుని ఉంటే ఆ ఘోరం తప్పేదేమో గానీ, అంతమాత్రాన చట్టం ఇచ్చే రక్షణ పోదని తీర్పు సారాంశం.

న్యాయశాస్త్రపరంగా ఆ తీర్పును సమర్థించవచ్చు. కానీ ఆ కథలో వెలుతురు స్థానం గమనించదగ్గది. ఆ స్త్రీల దగ్గర దీపం ఉంది. వారిని దయ్యాలుగా మార్చింది ఆ దీపమే. పని చేసుకోవడానికి అది చాలింది గానీ, దూరంనుంచి చూసేవాడికి ముఖాలు చూపించడానికి చాలలేదు. వెలుగు ఉండడం వేరు, మనిషి కనబడడం వేరు.

నేటి చట్టం ఏమంటోందో కూడా చూడాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును చెప్పింది. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య ఇంటికి కన్నం వేసి చొరబడేవాడి విషయంలో ఆస్తి రక్షణ హక్కు ప్రాణం తీసేంతవరకూ పోవచ్చని 41వ సెక్షన్ అంటుంది. వాట్సాప్‌లో తిరిగేది ఇంతవరకే. దానికంటె ముందున్న 37వ సెక్షన్ ఎవరూ పంచుకోరు: ప్రభుత్వ రక్షణ కోరేంత వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు లేదు, రక్షణకు అవసరమైనదానికంటె ఎక్కువ హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు. చిత్తశుద్ధితో చేశానని చెప్పుకునేవాడు తగిన జాగ్రత్త, శ్రద్ధ చూపి ఉండాలని కూడా చట్టం నిర్వచనంలోనే ఉంది. వైర్లెస్ సెన్సర్లు, కెమెరాలు, పక్కనే ఫోను, గోడ మీద వరసగా స్విచ్చులు ఉన్న నగరవాసికి 1958 నాటి ఆ నౌకరుకు దొరికిన మినహాయింపు దొరుకుతుందనుకోవడం అత్యాశ. దక్షిణాఫ్రికాలో ఆస్కార్ పిస్టోరియస్ 2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున మూసి ఉన్న స్నానాలగది తలుపు మీద కాల్పులు జరిపి, లోపల దొంగ ఉన్నాడనుకున్నానని చెప్పుకున్నాడు. ఉన్నది అతని ప్రియురాలు. తలుపు వెనుక ఉన్నది ఎవరైనా సరే, అన్ని తూటాలు కాల్చినవాడు మరణాన్ని ఊహించే ఉంటాడంటూ 2015లో అక్కడి సుప్రీం అప్పీలు కోర్టు దాన్ని హత్యగానే నిర్ధారించింది. అతడు ఉన్నది కూడా కాపలా గోడల మధ్య కట్టిన ఒక కాలనీలోనే.

ఇక బజారుకు వెళ్దాం. దుకాణదారు మొదట చెప్పేది ల్యూమెన్ల లెక్క. వెయ్యి, రెండు వేలు, పది వేలు. ల్యూమెన్ అంటే దీపం నుంచి అన్నివైపులా వెలువడే మొత్తం కాంతి. ఒక దిశలో ఆ కాంతి ఎంత గాఢంగా పోతుందో చెప్పేది కాండెలా. పెట్టె మీద 'నాలుగు వందల మీటర్లు' అని రాసి ఉంటే భ్రమపడనక్కరలేదు. అంతర్జాతీయంగా వాడే కొలత ప్రకారం, వెలుగు పున్నమి వెన్నెలంత పలచబడే దూరం అది - పావు లక్సు. వెన్నెల్లో మనిషి ఆకారం కనబడుతుంది, ముఖం పోల్చుకోవడం కష్టం. ఫ్లాటులో పడకగది గుమ్మం నుంచి వీధి తలుపు దాకా అయిదారు మీటర్లకు మించి ఉండదు. వెయ్యి కాండెలాల చిన్న టార్చి అయిదు మీటర్ల దూరంలో నలభై లక్సుల వెలుగునిస్తుంది. ముఖమేమిటి, చొక్కా గుండీలు కూడా కనిపిస్తాయి. ఇంటి లోపలికి రెండు, మూడు వందల ల్యూమెన్లు దాటిన కాంతి అనవసరం. అనవసరమే కాదు, అపకారం కూడా. ఎన్‌సీఆర్ ఫ్లాట్లన్నింటికీ తెల్లటి గోడలే. రెండు వేల ల్యూమెన్లు ఆ గోడకు తగిలి తిరిగి వచ్చి, పట్టుకున్నవాడి కళ్లనే మూసేస్తాయి. దొంగకు కళ్లు బైర్లు కమ్ముతాయనుకున్నవాడు తానే గుడ్డివాడై తన నడవాలో నిలబడతాడు. పైగా ఆ భారీ కాంతి చాలా టార్చిల్లో ఒకటి రెండు నిమిషాలే. వేడెక్కగానే అది తనంతట తానే తగ్గిపోతుంది, ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాటి వాగ్దానంలాగా.

అతి తక్కువ కాంతి ఇచ్చే అమరిక గురించి అడిగేవారు లేరు. నిజానికి మొదట కావలసింది అదే. ఒకటి నుంచి అయిదు ల్యూమెన్ల దాకా ఉండే ఆ మసక వెలుగు కాళ్ల ముందు వేసుకుంటే చీకటికి అలవాటైన కన్ను చెడదు, పక్కమంచం మీది పిల్లలు లేవరు, బయటివాడికి తన ఉనికి తెలియదు. టార్చి నొక్కగానే ముందు ఇది రావాలి, గట్టిగా నొక్కితే పెద్ద వెలుగు రావాలి. చాలా చవక టార్చిల్లో మొదటి నొక్కుకు పెద్ద వెలుగు, రెండవదానికి చిన్నది, మూడవదానికి టపటపా కొట్టుకునే మెరుపులు. నిద్రమత్తులో ఉన్న వేలు ఎన్నిసార్లు నొక్కిందో ఎవరికి గుర్తుంటుంది? ఆ మెరుపుల వల్ల ఎదుటి మనిషి గందరగోళపడతాడని చెబుతారు. ఆ వెలుగులో ఎదుటి చేతిలో ఉన్నది కత్తో ఫోనో తేల్చుకోలేక ముందుగా గందరగోళపడేది టార్చి పట్టుకున్నవాడే. ఆ అమరికే లేనిదో, లేదా దాన్ని మూసివేయగలిగినదో కొనడం మేలు. కాంతి రంగు కూడా చూడాలి. నీలం జీర ఉన్న చవక ఎల్ఈడీ కింద మనుషులందరి చర్మమూ ఒకే బూడిదరంగు. కొంచెం పసుపు తిరిగిన వెలుగులో మనిషి మనిషిలా కనిపిస్తాడు.

వాడే తీరు కొనే తీరుకంటె ముఖ్యం. గదిలోకి అడుగుపెట్టకుండా గుమ్మం దగ్గరే నిలబడి, పెద్ద వెలుగును సూటిగా ముఖంలోకి కాక పైకప్పు మీదికి వేస్తే తెల్లని సున్నం దాన్ని గది నిండా పరుస్తుంది. అప్పుడు లోపల ఎవరున్నా కనిపిస్తారు, వారికీ ఇంటివారు కనిపిస్తారు. ఎవరి కళ్లూ చెదరవు. 'ఎవరది?' అని గట్టిగా అడగడానికీ, ముసలితల్లి 'నేనేరా' అని జవాబు చెప్పడానికీ మధ్య ఉండవలసిన రెండు సెకన్ల వ్యవధిని ఆ పైకప్పు ఇస్తుంది. జవాబు రాకపోతే, లేదా తెలియని ముఖం కనబడితే చేయవలసింది వెనక్కి తగ్గి పడకగది గడియ వేసుకుని 112కు ఫోను చేయడం. ఇంట్లో అందరూ ఒక్కచోట చేరాక ఆ తలుపు అవతల ఉన్న టీవీకోసం వీరత్వం చూపనక్కరలేదు. నుదుటికి కట్టుకునే హెడ్‌ల్యాంపును కొండలెక్కేవారి వస్తువని తీసిపారేస్తారు గానీ, ఒక చేత ఫోను, ఇంకో చేత పసిబిడ్డ ఉన్న తల్లికి అంతకంటె మంచి దీపం లేదు. దానికున్న లోపం ఒక్కటే: తల తిప్పిన ప్రతిసారీ ఎదుటివారి కళ్లలో పొడుస్తుంది. నేల వైపు వంచి పెట్టుకోవాలి.

మోగినది దొంగల అలారమేనా అన్నది కూడా తేల్చుకోవాలి. పైపు గ్యాసు వచ్చాక చాలా వంటిళ్లలో గ్యాసు లీకును పట్టే పరికరాలు వెలిశాయి. అది మోగితే గోడ స్విచ్చు ముట్టుకోకూడదు. మామూలు టార్చి స్విచ్చు కూడా నిప్పురవ్వ పుట్టించగలదు గనుక దాన్ని గ్యాసు లేని చోటే వెలిగించుకుని వెళ్లాలి, లోపల ఆర్పకూడదు. రెండు అలారాలకూ ఒకే మోత ఉన్న ఇళ్లు ఉన్నాయి. ఇదొక్కటి మార్చుకోవడానికి ఖర్చేమీ కాదు.

ఆపైన సెల్లు. చవకరకం ఇండియన్ రీచార్జబుల్ లైట్లలో చాలావాటి కడుపులో ఉండేది చిన్న సీసపు బ్యాటరీ. నెలల తరబడి చార్జి చేయకుండా అటక మీద పెడితే అది చచ్చిపోతుంది, అవసరమైన రాత్రే ఆ సంగతి తెలుస్తుంది. మామూలు సెల్లులు లోపలే పెట్టి మరచిపోతే కారి స్ప్రింగును తినేస్తాయి. లిథియం సెల్లు మంచిది, కానీ బజారులో దాని మీద రాసిన అంకెల్ని నమ్మరాదు. 18650 అనే వేలంత సెల్లులో మూడున్నర వేల మిల్లీ యాంపియర్ అవర్లు దాటించడమే గొప్ప. లజ్‌పత్ రాయ్ మార్కెట్లో తొమ్మిది వేల తొమ్మిది వందలని అచ్చువేసినవి దొరుకుతాయి. అబద్ధం ఎంత పెద్దదైతే అంత ధీమాగా అచ్చవుతుంది.

సెల్లు వెనుక ఉన్న రాజకీయార్థికం ఎవరి కంటా పడదు. తరాలుగా ఇంటింటా వెలిగిన ఎవరెడీ, 1984 డిసెంబరు రాత్రి భోపాల్‌ను చంపిన యూనియన్ కార్బైడ్ ఇండియా ఉత్పత్తే. 1994లో సుప్రీంకోర్టు అనుమతితో అమెరికన్ మాతృసంస్థ తన వాటాలు అమ్ముకుంది. ఆ సొమ్ముతో భోపాల్ బాధితులకు ఆసుపత్రి కట్టించాలన్నది షరతు. తెలుగువాడైన పి. ఓబుల్ రెడ్డి స్థాపించిన ఇండో నేషనల్ నిప్పో సెల్లులను అప్పటి నెల్లూరు జిల్లా తడలో తయారుచేసింది. 2018 ఏప్రిల్‌లో పోటీ కమిషన్ ఎవరెడీకి 171 కోట్లు, నిప్పోకు 42 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది, ధరలు కూడబలుక్కున్నందుకు. ముందుగా వెళ్లి గుట్టు విప్పిన పానసోనిక్‌కు పూర్తి మినహాయింపు దొరికింది. రైతు గట్టు మీద పట్టుకున్న రెండు సెల్లుల వెనుక ఇంత కథ నడిచింది.

అలారం లేకుండానే టార్చి కావలసిన రాత్రులూ రాజధానికి వచ్చాయి. 2012 జూలై 30 తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో ఉత్తర గ్రిడ్ మొత్తం కుప్పకూలింది. 2025 ఫిబ్రవరి 17 ఉదయం 5.36కు ధౌలా కువాన్ దగ్గర పుట్టిన భూకంపం తీవ్రత నాలుగే అయినా, నగరమంతా చీకట్లో చెప్పులు వెతుక్కుంది. అదే ఏడాది మే 7న దేశవ్యాప్త మాక్ డ్రిల్లులో భాగంగా లుట్యెన్స్ ఢిల్లీలో రాత్రి ఎనిమిది గంటలకు పావుగంట దీపాలార్పారు. ఇవేవీ దొంగల రాత్రులు కావు. అందుకే టార్చిని బీరువాలో కాక మంచం పక్కన ఒకే చోట, చీకట్లో చేయి చాపితే తగిలేచోట ఉంచాలి. ఇంట్లో ఒక్కరికి కాదు, అందరికీ ఆ చోటు తెలియాలి.

ఇంటి గుమ్మం దాటి వీధిలోకి టార్చి వెళ్లినప్పుడు ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. గుడ్‌గావ్, ఫరీదాబాద్ ఉన్న హరియాణాకు 1918 నాటి పంజాబ్ గ్రామ, చిన్న పట్టణాల గస్తీ చట్టం వారసత్వంగా వచ్చింది. ఒంట్లో సత్తువ ఉన్న మగవారంతా వంతులవారీగా రాత్రి కాపలా తిరగాలని కలెక్టరు ఆదేశించవచ్చు. దీన్ని ఠీకరీ పెహరా అంటారు. ఠీకరీ అంటే కుండ పెంకు. కోవిడ్ కాలంలో కూడా దీన్ని బయటికి తీశారు. వంతు ఉంది, జాబితా ఉంది, జవాబుదారీతనం ఉంది. 1984 నవంబరులో నీళ్లలో విషం కలిపారన్న వదంతులు ఊరంతా తిరుగుతున్నప్పుడు, కొన్ని ఢిల్లీ కాలనీల్లో హిందువులూ సిక్కులూ కలిసి రాత్రుళ్లు వీధి కాచారు. అలాంటి కాపలా ఎవరిని కాపాడుతోందో కాసేవారికి తెలుసు. దానికి భిన్నమైనదాన్ని 2024 ఆగస్టులో ఫరీదాబాద్ చూసింది. పన్నెండో తరగతి చదువుతున్న కుర్రవాడు స్నేహితులతో కారులో రాత్రిపూట బయటికి వెళ్లాడు. పశువులను దొంగతనంగా తరలించేవారని పొరబడి, గోరక్షకులమని చెప్పుకునేవారు ఢిల్లీ-ఆగ్రా రహదారి మీద వెంటాడి కాల్చి చంపారని పోలీసులు చెప్పారు. ఎవరూ వంతు వేయకుండానే కాపలాకు దిగినవారికి ముఖం చూడవలసిన అవసరం కూడా కనిపించలేదు.

2019 మార్చిలో ప్రధానమంత్రి తన ట్విట్టర్ పేరుకు ముందు చౌకీదార్ అని చేర్చుకున్నప్పుడు ఆ మాట కొన్ని వారాలపాటు దేశమంతా మోగింది. చౌకీదారే దొంగ అని ప్రతిపక్షం, మేమంతా చౌకీదార్లమని అధికార పక్షం. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అసలు చౌకీదారును ఇద్దరూ పలకరించలేదు. ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణకు 2005లో చట్టం వచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం కాపలాదారుకు వంద గంటల పాఠాలు, అరవై గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి. గేటు దగ్గరి మనిషిని అడిగితే ఒక యూనిఫాం, ఒక ఈల, ఒక లాఠీ ఇచ్చారని చెబుతాడు.

అలారం మోగిన రాత్రి నాలుగో అంతస్తు నుంచి ఫోను వచ్చినప్పుడు మొదట మెట్లెక్కవలసింది అతడే. డిసెంబరు, జనవరి పొగమంచులో భారీ టార్చి కూడా అతనికి పనికిరాదు. ఆ తెల్లని కాంతి మంచుకే తగిలి గోడలా ఎదురు నిలుస్తుంది. నడుము దగ్గర పట్టుకుని కిందికి వేసే, కొంచెం పసుపు తిరిగిన సన్నని వెలుగు కావాలి. వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరికే వస్తువది. నివాసుల సంఘం వార్షిక సమావేశంలో కెమెరాలు పెంచాలా, గేటుకు కొత్త యాప్ పెట్టాలా అన్న అంశాల మీద గంటల కొద్దీ చర్చ సాగుతుంది. కాపలాదారు టార్చి ఆ పద్దుల్లో కనిపించదు. రాత్రి పదకొండుకు గేటు మూశాక ఎవరైనా వస్తే, అతడు తన సొంత ఫోనును పళ్ల మధ్య కరచి పట్టుకుని, ఆ వెలుగులో రిజిస్టరు తెరచి, వచ్చినవాడి పేరు రాసుకుంటాడు.